అప్‌డేట్: సహోద్యోగిని మీద ఎనిమిది నెలలుగా వదలని ధ్యాస, చివరికి ఏమైందంటే

అనంతపురంలో నాతో పాటు పనిచేసే ఒకావిడ ఆలోచనే ఎనిమిది నెలలుగా నన్ను వదలడం లేదని, నిద్ర పట్టక గుండె దడగా ఉంటోందని, ఇది ప్రేమో జబ్బో తేల్చుకోలేకపోతున్నానని మార్చిలో ఇక్కడ అడిగాను. బదులిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ రెండూ మామూలుగానే వచ్చాయి. పనికొచ్చింది సైకాలజిస్టును కలవమన్న సలహా. నా స్థితిని ఆమె 'లిమరెన్స్' అన్నారు. అమెరికా మనస్తత్వవేత్త డొరొతీ టెన్నోవ్ 1970లలో పెట్టిన ఈ పేరు జబ్బు నిర్ధారణ కాదనీ, ఇందులో కామం కన్నా అవతలి వారూ మనల్ని కోరుకోవాలన్న ఆరాటమే ప్రధానమనీ, ఆశకూ అనుమానానికీ మధ్య ఊగిసలాటే దానికి మేత అనీ వివరించారు.

క్లాక్ టవర్ దగ్గర టీ కొట్టులో ఆవిడ ఒకసారి నా గ్లాసులోనూ చక్కెర తక్కువ వేయమని చెప్పారు. ఆ ఒక్క మాటకు మూడు వారాలు అర్థాలు వెతికాను. జరిగినది ఒక వైపు, నేను ఊహించుకున్నది మరో వైపు రాయమన్నారు సైకాలజిస్టు. జరిగినది పదకొండు వరుసలు, ఊహ నాలుగు పేజీలు! సిగ్గేసింది.

వాట్సాప్ స్టేటస్‌ను మ్యూట్ చేయమన్న సూచన చిన్నదే అయినా, మందులా పనిచేసింది. నేరుగా చెప్పేయమన్నవారే ఎక్కువ, కానీ ఆ అవసరం పడలేదు. పోయిన నెల ఆవిడకు కర్నూలు బదిలీ అయింది. వీడ్కోలు సభలో రెండు మాటలు మాట్లాడి ఇంటికి వచ్చాను, ఆ రాత్రి నిద్ర పట్టింది.