ఒక్క లైను మెయిల్ వెళ్తోంది, అటాచ్‌మెంట్ ఉంటే క్యూలోనే పడి ఉంటోంది: రెండు పోస్ట్‌ఫిక్స్ సర్వర్ల మధ్య సమస్య

క్యూ_కాపలా (ప్రశ్న)

రెండు పోస్ట్‌ఫిక్స్ సర్వర్లు ఉన్నాయి, ఏ, బీ అనుకుందాం (పోస్ట్‌ఫిక్స్ అంటే మెయిల్స్ పంపి, అందుకునే సాఫ్ట్‌వేర్). మధ్యలో వైర్‌గార్డ్ టన్నెల్. టన్నెల్ (వీపీఎన్ దారి) నడిచేది మెయిల్ సర్వర్ల మీద కాదు, రెండు వైపులా విడిగా లైనక్స్ గేట్‌వే బాక్సులు ఉన్నాయి. బీ అడ్రస్ 10.20.0.25.

ఏ నుంచి బీకి కమాండ్ లైన్‌లో ఒక్క లైను టెస్ట్ మెయిల్ కొడితే వెంటనే చేరుతుంది. పీడీఎఫ్ జత చేస్తే ఆగిపోతుంది. సిగ్నేచర్‌లో లోగో ఉంటే చాలు, మామూలు మెయిల్ కూడా అంతే. బీ నుంచి ఏకి మాత్రం ఎంత పెద్దదైనా ఇబ్బంది లేదు. ఏ లాగ్‌లో పెద్ద మెయిల్స్‌కి ఇలా వస్తోంది:

డిలే=1442, డిలేస్=1262/0.02/0.4/180, డీఎస్ఎన్=4.4.2, స్టేటస్=డిఫర్డ్ (కాన్వర్సేషన్ విత్ 10.20.0.25 టైమ్డ్ అవుట్ వైల్ సెండింగ్ మెసేజ్ బాడీ)

నాలుగైదు కేబీ మెయిల్స్‌కి చివరి అంకె 180 బదులు 600, మాట కూడా మారి "టైమ్డ్ అవుట్ వైల్ సెండింగ్ ఎండ్ ఆఫ్ డేటా, మెసేజ్ మే బి సెంట్ మోర్ దేన్ వన్స్" అంటోంది. చిన్నవాటికి ఎక్కువసేపు, పెద్దవాటికి తక్కువసేపు ఎందుకో అంతు పట్టడం లేదు.

పింగ్ వస్తోంది. పోర్ట్ 25కి టెల్నెట్ చేసి చేత్తో టైప్ చేసినా మెయిల్ వెళ్తోంది. ఎస్‌పీఎఫ్, రివర్స్ డీఎన్ఎస్ (పంపే సర్వర్‌ని నమ్మొచ్చా అని చూసే రికార్డులు) సరిగ్గానే ఉన్నాయి. ఇంకేం చూడాలి?

పెట్టె_నిండింది

బీలో మెసేజ్ సైజ్ లిమిట్ చూశారా? మార్చకపోతే 10240000 బైట్లే. బేస్64 ఎన్‌కోడింగ్‌లో ఫైలు మూడో వంతు పైగా ఉబ్బుతుంది కాబట్టి 7.5 ఎంబీ పీడీఎఫ్‌కే హద్దు దాటిపోవచ్చు. అదికాకపోతే ఏలో ఎస్ఎంటీపీ డేటా ఎక్స్‌ఫర్ టైమవుట్‌ని (మెయిల్ బాడీ పంపడానికి ఇచ్చే గడువు, సెకన్లలో) 180 నుంచి 1800కి పెంచి చూడండి.

ప్యాకెట్_పరిశీలన

సైజు లిమిట్ కాదండి. అదైతే బీ తన హద్దు ఎంతో ఈహెచ్ఎల్ఓకి (కనెక్షన్ మొదట్లో ఏ చేసే పలకరింపుకి) జవాబుగానే చెప్పేస్తుంది. దాటిన మెయిల్‌ని ఏ అసలు పంపకుండానే 5.3.4తో బౌన్స్ చేస్తుంది. ఎస్‌పీఎఫ్, బ్లాక్‌లిస్ట్, గ్రేలిస్టింగ్ అయినా ఏదో ఒక 4 లేదా 5 అంకె కోడూ, దాని పక్కన ఒక వాక్యమూ వస్తాయి. అవతలి సర్వర్ కాదనడం వేరు, అసలు పలకకపోవడం వేరు. మీది రెండోది. టైమవుట్ పెంచితే ఇదే మెయిల్ మూడు నిమిషాలకు బదులు అరగంట వేలాడుతుంది, అంతే.

డిలేస్‌లో నాలుగు అంకెలనూ విడివిడిగా చదవండి. మొదటిది క్యూలో గడిపిన కాలం, రెండోది క్యూ మేనేజర్ దగ్గర ఆగినది, మూడోది డీఎన్ఎస్, కనెక్షన్, ఈహెచ్ఎల్ఓ, టీఎల్ఎస్ అన్నీ కలిపి, నాలుగోది మెయిల్‌ని పంపడానికి పట్టినది. మూడోది 0.4 సెకన్లు. అంటే పలకరింపులు, సర్టిఫికెట్ అన్నీ అయ్యాయి. డేటా అన్నాక, బీ 354 ("సరే, మెయిల్ పంపు") ఇచ్చాక ఆగింది.

180, 600 సంగతికొస్తే, పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌ని నేరుగా తీగ మీదికి పంపదు, కర్నెల్ సెండ్ బఫర్‌లో వేస్తుంది. నాలుగు కేబీల మెయిల్ చివరి చుక్కతో సహా ఆ బఫర్‌లో పట్టేస్తుంది కనుక, పంపడం అయిపోయిందనుకుని, "అందింది" అని బీ చెప్పే 250 కోసం కూర్చుంటుంది. దానికి గడువు 600 సెకన్లు. పెద్ద మెయిల్‌కి బఫర్ నిండిపోయి రాయడమే మధ్యలో ఆగుతుంది. దాని గడువు 180. రోగం ఒకటే, రెండు చోట్ల బయటపడుతోంది. రెండింట్లోనూ బీకి ఒక్క బైటూ చేరి ఉండదు. బీ లాగ్‌లో "టైమవుట్ ఆఫ్టర్ డేటా (0 బైట్స్)" అని ఉండాలి, చూడండి.

నా అనుమానం ఎంటీయూ మీద, అంటే దారిలో ఒక్క ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చన్న హద్దు మీద. సుమారు 1400 బైట్లు దాటిన ప్యాకెట్లు ఏ నుంచి బీకి వెళ్లే దారిలో మాయమవుతున్నాయి. మామూలు పింగ్ మోసేది 56 బైట్లే, టెల్నెట్‌లో టైప్ చేసే లైను ఇంకా చిన్నది. అవి పనిచేయడం వల్ల ఏదీ తేలదు. ఏ మీదే ఈ రెండూ చేసి ఫలితం పెట్టండి:

పింగ్ -ఎం డూ -ఎస్ 1472 10.20.0.25
పింగ్ -ఎం డూ -ఎస్ 1392 10.20.0.25

డూ అంటే ముక్కలు చేయొద్దని. 1472కి ఐపీ, ఐసీఎంపీ (పింగ్‌లూ, నెట్‌వర్క్ ఎర్రర్ కబుర్లూ మోసే ప్రోటోకాల్) హెడర్లు 28 కలిపితే 1500. 1392కి కలిపితే 1420, వైర్‌గార్డ్ సాధారణంగా పెట్టుకునే ఎంటీయూ. పనిలో పనిగా ఒక టెస్ట్ మెయిల్ వెళ్తుండగా ఏ మీద పోర్ట్ 25కి టీసీపీడంప్ (వెళ్లే, వచ్చే ప్యాకెట్ల రికార్డు) కూడా తీయండి.

క్యూ_కాపలా

బీ లాగ్‌లో మీరన్న లైనే ఉంది, సున్నా బైట్లు.

1392కి జవాబు వచ్చింది. 1393 నుంచి ఏమీ లేదు. ఎర్రర్ కూడా లేదు, నిశ్శబ్దం.

టీసీపీడంప్‌లో రెండు వైపుల సిన్ (కనెక్షన్ మొదలుపెట్టే) ప్యాకెట్లలోనూ ఎంఎస్ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో డేటా హద్దు) 1460 ఉంది. 354 తర్వాత 1448 బైట్ల ప్యాకెట్ ఒకటి వెళ్లింది. అదే సీక్వెన్స్ నంబరుతో మళ్లీ మళ్లీ వెళ్తోంది, ప్రతిసారీ మధ్య విరామం దాదాపు రెట్టింపు అవుతోంది. బీ నుంచి ఆక్ (అందినట్టు రసీదు) ముందుకు కదలడం లేదు.

ప్యాకెట్_పరిశీలన

దొరికింది. 1448 అంటే 1460లోంచి టైమ్‌స్టాంప్ ఆప్షన్ 12 పోగా మిగిలినది, అంటే నిండు 1500 బైట్ల ప్యాకెట్. గేట్‌వే దగ్గర టన్నెల్ నోరు 1420. ముక్కలు చేయొద్దన్న గుర్తు ఉంది కాబట్టి గేట్‌వే దాన్ని పారేసి, "ఇది పట్టదు, 1420కి తగ్గించు" అని ఐసీఎంపీ టైప్ 3 కోడ్ 4 వెనక్కి పంపాలి. అది ఏకి అందితే టీసీపీ తనే సైజు తగ్గించుకుంటుంది. మీకు ఎర్రర్ కూడా రాలేదంటే ఆ కబురు దారిలో చస్తోందన్నమాట. పింగ్‌కి అనుమతి ఇచ్చి మిగతా ఐసీఎంపీ మొత్తాన్ని పారేసే ఫైర్‌వాల్ రూల్ ఏ మీద గానీ గేట్‌వే మీద గానీ ఉంటుంది, వెతకండి. కనెక్షన్‌కి సంబంధించిన ఐసీఎంపీని ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ రూల్ లోపలికి వదులుతుంది గానీ, డ్రాప్ రూల్ దానికంటే పైన ఉంటే ఏ లాభమూ లేదు. బీ నుంచి ఏకి పెద్దవి వస్తున్నాయంటే ఆ వైపు ఈ కబురు అందుతోంది.

అసలు మందు ఆ రూల్ సరిచేయడమే. తెరిచాక 1472 పింగ్ మళ్లీ కొడితే ఈసారి నిశ్శబ్దం బదులు ఎంటీయూ 1420 అని ఎర్రర్ రావాలి. ఐపీ రూట్ గెట్ 10.20.0.25 అంటే కాష్‌లో ఎంటీయూ 1420 కనిపించాలి. ఇక్కడ ఎర్రర్ రావడమే మంచి వార్త.

దాంతోపాటు గేట్‌వేలో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (దాటే సిన్ ప్యాకెట్లలోని ఎంఎస్ఎస్‌ని గేట్‌వేనే తగ్గించడం) కూడా పెట్టుకోండి. రేపు ఇంకెవరో ఐసీఎంపీ మూసేసినా మెయిల్ ఆగదు.

క్యూ_కాపలా

ఏ మీద ఇన్‌పుట్ చైన్‌లో సరిగ్గా అదే ఉంది, ఐసీఎంపీ డ్రాప్ పైన, రిలేటెడ్ కింద. ఆ ఫైర్‌వాల్ మార్చాలంటే అనుమతి కావాలి, రేపటికి గానీ రాదు. ఈలోగా ఏ వైపు గేట్‌వేలో ఫార్వర్డ్ చైన్‌లో -ఓ డబ్ల్యూజీ0 (టన్నెల్‌లోకి వెళ్లేవి) పెట్టి క్లాంప్ ఎంఎస్ఎస్ టు పీఎంటీయూ (దారి ఎంటీయూకి తగ్గట్టు తగ్గించే) రూల్ వేశాను. కౌంటర్ పెరుగుతోంది, అంటే రూల్ తగులుతోంది. అయినా మెయిల్ అక్కడే ఆగుతోంది!

గేట్‌వే_గంట

చాలామంది జారేది ఇక్కడే. ఎంఎస్ఎస్ అనేది "నాకు ఇంత సైజు పంపు" అని అవతలివాడికి చెప్పే మాట. ఏ పంపే సిన్‌లో 1460ని 1380 చేస్తే తగ్గేది బీ పంపే ప్యాకెట్లు. మీకు బాగానే ఉన్న దిశ అది. ఏ పంపే ప్యాకెట్లు తగ్గాలంటే బీ నుంచి తిరిగొచ్చే సిన్-ఆక్‌లోని ఎంఎస్ఎస్ తగ్గాలి. అది డబ్ల్యూజీ0లోంచి లోపలికి వస్తుంది, బయటికి పోదు. కాబట్టి -ఓ డబ్ల్యూజీ0 రూల్ దాన్ని ముట్టుకోదు. ఇప్పుడు ఏ మీద డంప్ తీస్తే సిన్-ఆక్‌లో ఇంకా 1460 అనే ఉంటుంది.

రెండు దారులున్నాయి. బీ వైపు గేట్‌వేలో కూడా అదే రూల్ వేయడం ఒకటి. లేదా ఏ వైపు గేట్‌వేలోనే -ఐ డబ్ల్యూజీ0తో ఇంకో రూల్ వేసి, పీఎంటీయూకి వదిలేయకుండా అంకె మీరే ఇవ్వండి:

ఐపీటేబుల్స్ -టీ మాంగిల్ -ఏ ఫార్వర్డ్ -ఐ డబ్ల్యూజీ0 -పీ టీసీపీ --టీసీపీ-ఫ్లాగ్స్ సిన్,ఆర్ఎస్‌టీ సిన్ -జే టీసీపీఎంఎస్ఎస్ --సెట్-ఎంఎస్ఎస్ 1380

1420లోంచి ఐపీ హెడర్ 20, టీసీపీ హెడర్ 20 తీసేస్తే 1380. లోపలికి వచ్చే ప్యాకెట్‌కి బయటి దారి లాన్ కాబట్టి పీఎంటీయూ అంటే 1500 అని లెక్కేసుకునే పాత కర్నెళ్లు ఉన్నాయి, అందుకే అంకె ఇవ్వమన్నాను. ఫ్లాగ్స్ దగ్గర సిన్, ఆర్ఎస్‌టీ రెండిట్నీ చూసి సిన్ ఒక్కటే ఉండాలని రాయడం వల్ల సిన్-ఆక్ కూడా ఇందులోకే వస్తుంది, దానికి విడిగా రాయక్కర్లేదు.

గేట్‌వే చేతిలో లేకపోతే ఏ మీదే బీకి ఒక హోస్ట్ రూట్ వేసి దానికి ఎంటీయూ 1420 పెట్టినా గడుస్తుంది. అక్కడ అడ్వ్ఎంఎస్ఎస్ అనే ఆప్షన్ చూసి మోసపోవద్దు. అది ఏ ప్రకటించే ఎంఎస్ఎస్‌ని మారుస్తుంది, అంటే మళ్లీ బీ వైపు దిశే.

క్యూ_కాపలా

-ఐ రూల్ వేశాను. సిన్-ఆక్‌లో 1380 వస్తోంది, డేటా ప్యాకెట్లు 1368. 4 ఎంబీ పీడీఎఫ్ వెళ్లింది, డిలేస్‌లో చివరి అంకె 2.1. ఇప్పుడు క్యూలో దాదాపు 300 మెయిల్స్ ఉన్నాయి. కొన్ని నాలుగు రోజులవి. అన్నీ ఒకేసారి తోసేయొచ్చా? "సెంట్ మోర్ దేన్ వన్స్" అన్నవి రెండుసార్లు చేరతాయా?

పెట్టె_నిండింది

సైజు లిమిట్ విషయంలో నాదే పొరపాటు. క్యూ సంగతి చెప్తాను. 300 పెద్ద లెక్కేం కాదు, పోస్ట్‌క్యూ -ఎఫ్ కొట్టండి. మీరు కొట్టకపోయినా వెళ్తాయి గానీ, మళ్లీ ప్రయత్నించే విరామం 300 సెకన్లతో మొదలై 4000 దాకా పెరుగుతుంది కాబట్టి పాతవాటికి గంటకు పైనే పట్టొచ్చు. మెయిల్ వయసు 5 రోజులు దాటితే బౌన్స్ అయిపోతుంది. నాలుగు రోజులవి ఉన్నాయంటున్నారు గనుక ముందు వాటినే పోస్ట్‌క్యూ -ఐ, పక్కన క్యూ ఐడీ ఇచ్చి ఒక్కొక్కటిగా పంపి లాగ్‌లో స్టేటస్=సెంట్ చూసుకోండి. పోస్ట్‌సూపర్ జోలికి వెళ్లకండి, అక్కడ -ఆర్ బదులు -డీ పడితే మెయిల్స్ పోయినట్టే.

రెండుసార్లు చేరడం గురించి: బీ మెయిల్ అందుకుని 250 ఇచ్చాక ఆ 250 దారిలో పోతేనే అలా జరుగుతుంది. మీ దగ్గర బీకి సున్నా బైట్లే అందాయి కాబట్టి కాపీలు ఉండవు. నమ్మకం కుదరకపోతే ఒక మెసేజ్ ఐడీ తీసుకుని బీ లాగ్‌లో వెతకండి, ఒక్కసారే కనిపించాలి.

ప్యాకెట్_పరిశీలన

రేపు ఫైర్‌వాల్‌లో డ్రాప్ రూల్‌ని కిందికి దించాక 1472 పింగ్‌తో మళ్లీ పరీక్షించండి, మెయిల్‌తో కాదు. క్లాంపింగ్ ఉన్నంతకాలం మెయిల్ ఎలాగూ వెళ్తుంది, ఐసీఎంపీ తెరుచుకుందో లేదో దాంతో తెలియదు. టన్నెల్ మీద ఐపీవీ6 కూడా నడుస్తుంటే దానికి వేరే రూల్ కావాలి. ఐపీటేబుల్స్ రూల్ ఐపీవీ4కే పనిచేస్తుంది. అక్కడ హెడర్ 40 కాబట్టి ఎంఎస్ఎస్ 1360, తెరవాల్సింది ఐసీఎంపీవీ6 టైప్ 2. ఐపీవీ6లో దారి మధ్య రౌటర్లు ఎప్పుడూ ముక్కలు చేయవు, కనుక ఆ కబురు ఆగితే వేరే దారే ఉండదు. పోస్ట్‌ఫిక్స్‌కి బీ ఐపీవీ6 అడ్రస్ డీఎన్ఎస్‌లో దొరికితే అటు కూడా వెళ్లి ఇలాగే వేలాడుతుంది, ముందు ఆ రికార్డు ఉందేమో చూడండి.