రాబర్ట్‌సన్ క్యాంప్‌కు రాకుండా ఇంట్లో కూర్చోవడం న్యాయమేనా?

ఫ్రిస్కో నాన్న:
మా అబ్బాయి అండర్-16 ఐస్ హాకీ ఆడతాడు. నిన్న రింక్ నుంచి వస్తుంటే కార్లో ఒకటి అడిగాడు, నాకు జవాబు తోచలేదు. 2022లో, పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడే డాలస్ స్టార్స్ ఆటగాడు జేసన్ రాబర్ట్‌సన్ కొత్త కాంట్రాక్ట్ కుదరలేదని టీమ్ ట్రైనింగ్ క్యాంప్‌కు అసలు రాలేదు. సీజన్‌కు వారం ముందు, అక్టోబరు 6న, 4 ఏళ్లకు 3.1 కోట్ల డాలర్లకు సంతకం పెట్టాడు. "అలా చేయడం తప్పా నాన్నా?" అంటాడు. మీరేమంటారు?

సీడర్‌పార్క్ మూర్తి:
తప్పే. నేను ఆస్టిన్ పక్కన సీడర్ పార్క్‌లో ఉంటాను. డాలస్ వాళ్లు తమ కుర్రాళ్లను తయారు చేసుకునే కింది లీగ్ (ఏహెచ్‌ఎల్) జట్టు టెక్సస్ స్టార్స్ ఆడేది ఇక్కడే. 2019-20లో రాబర్ట్‌సన్ ఇక్కడ 60 మ్యాచ్‌లు ఆడి 25 గోల్స్ కొట్టాడు. స్కేటింగ్‌లో వేగం చాలదని పేరున్న కుర్రాడు మా కళ్ల ముందే ఎదిగాడు. అంత చేసిన టీమ్‌కు క్యాంప్‌లో ముఖం కూడా చూపించడా?

డాలస్ వాళ్ల ఇంకో కుర్రాడు థామస్ హార్లీని చూడండి. 2021-22లో ఎన్‌హెచ్‌ఎల్‌లో 34 మ్యాచ్‌లు ఆడిన వాణ్ని మళ్లీ కిందికి పంపారు. మరుసటి సీజన్ ఇక్కడ 66 మ్యాచ్‌లు ఆడాడు. ఆ తర్వాతి ఏడాది పైన 15 గోల్స్. 2025 అక్టోబరులో 8 ఏళ్లకు 8.4 కోట్ల డాలర్లు దాటిన కాంట్రాక్ట్. ఓపిక పడితే వచ్చేది అది.

ప్లేనో శిరీష:
మూర్తిగారూ, కాంట్రాక్ట్ తప్పినట్టు మాట్లాడుతున్నారు. అప్పటికి అతనికి కాంట్రాక్టే లేదు. తొలి మూడేళ్లది అయిపోయింది. లేని కాంట్రాక్ట్‌ను ఎలా తప్పుతాడు?

అయినా స్వేచ్ఛగా వేరే టీమ్‌కు పోలేడు. ఎవరైనా ఆఫర్ ఇచ్చినా డాలస్ అంతే ఇస్తామంటే ఇక్కడే ఉండాలి. జీతం తేల్చే మధ్యవర్తి దగ్గరికి వెళ్లే హక్కు అప్పటికింకా రాలేదు. రాకపోవడం ఒక్కటే అతని చేతిలో ఉంది.

సీడర్‌పార్క్ మూర్తి:
కాంట్రాక్ట్ తప్పాడని నేనెక్కడ అన్నాను? తప్పు చేశాడన్నాను.

ప్లేనో శిరీష:
ఏ రూల్ ప్రకారం తప్పు? అది చెప్పండి.

సీడర్‌పార్క్ మూర్తి:
అన్నిటికీ రూల్ ఉండదమ్మా.

గోలీ అమ్మ:
క్యాంప్ లేకుండానే ఆ సీజన్‌లో 46 గోల్స్, వేరేవాళ్ల గోల్స్‌కు అందించినవీ కలిపి 109 పాయింట్లు. టీమ్ డాలస్‌కు వచ్చాక 100 దాటిన మొదటివాడు అతనే.

టొరంటో కిరణ్:
అందరికీ అలా కలిసిరాదు. 2018లో మా టొరంటో టీమ్‌లో నైలాండర్ ఇలాగే కాంట్రాక్ట్ కోసం కూర్చున్నాడు. డిసెంబరు 1 సాయంత్రం 5 గంటల్లోపు సంతకం పెట్టకపోతే ఆ సీజన్ ఆడే వీలే లేదు. నిమిషాల ముందు పెట్టాడు. మిగిలిన 54 మ్యాచ్‌ల్లో 7 గోల్సే. మధ్యలో వచ్చి అందరి వేగం అందుకోవడం చాలా కష్టం.

ప్లేనో శిరీష:
మరుసటి సీజన్ 31 కొట్టాడు, అదీ రాయండి.

ఇంకో మాట. తొలి కాంట్రాక్ట్‌లో పైన ఆడితే ఏడాదికి లక్షల డాలర్లు. అదే కుర్రాణ్ని కిందికి పంపితే, రాబర్ట్‌సన్ ఇక్కడ ఆడిన రోజుల్లో, 70 వేలకు మించి ఇవ్వక్కర్లేదు. శిక్షణ పేరుతో టీమ్‌కు ఎంత మిగులుతుందో చూడండి. నాకు ఇది ఇంటి అనుభవం. పోయిన ఏడాది మా వాణ్ని కింది టీమ్‌కు మార్చారు. "ఎక్కువసేపు ఐస్ మీద ఉంటాడు, వాడి మంచికే" అన్నారు. పైసా ఫీజు తగ్గించలేదు. పై టీమ్‌లో ఆ చోటు ముందే ఇంకొకరికి మాటిచ్చేశారని డిసెంబరులో తెలిసింది. వాడు నెల రోజులు కిట్ బ్యాగ్ ముట్టలేదు.

సీడర్‌పార్క్ మూర్తి:
మీ అబ్బాయికి జరిగింది అన్యాయమే. కానీ కిందికి పంపడమంతా మోసం కాదు. 2008లో మా కన్సల్టెన్సీ నన్ను ఎవరూ వెళ్లనన్న ఊరికి పంపింది. మంచులో రెండేళ్లు ఒక్కణ్నే ఉన్నాను. పని నేర్చుకున్నది అక్కడే.

ప్లేనో శిరీష:
క్లయింట్ దగ్గర గంటకు ఎంత తీసుకుని మీ చేతిలో ఎంత పెట్టారో ఎప్పుడైనా అడిగారా? అడగలేదు కాబట్టే అడిగినవాడు మీకు తప్పుగా కనిపిస్తున్నాడు.

సీడర్‌పార్క్ మూర్తి:
నా గురించి మీకేం తెలుసని ఆ మాట అన్నారు? మా పాప పుట్టిన నెలలో ప్రాజెక్ట్ పోయింది. వీసా పోకుండా కాపాడింది వాళ్లే. ఎంత మిగుల్చుకున్నారో నాకు తెలుసు. తెలిసే ఉన్నాను. అది పిరికితనం అనుకుంటే మీ ఇష్టం.

రవి_ఇర్వింగ్:
కాస్త ఆగండి ఇద్దరూ. హాకీ మాట్లాడుకుందాం.

ప్లేనో శిరీష:
మూర్తిగారూ, ఆ మాట అనకూడదు. క్షమించండి.

కాంట్రాక్ట్ సంగతి వదిలేస్తున్నాను. నేను అడగాల్సింది అడగకుండా రూల్ పట్టుకుని కూర్చున్నాను. పెంచినవాడికి రుణం ఉంటుంది, కాదనను. అది ఎప్పటికి తీరుతుంది? 2021-22లో రాబర్ట్‌సన్ 41 గోల్స్ కొట్టాడు, అదీ తొలి కాంట్రాక్ట్ జీతానికే. నా లెక్కలో అక్కడే తీరిపోయింది. టీమ్ మాత్రం అలాంటి రుణం ఏదీ పెట్టుకోదు. స్టాంకోవెన్ అనే కుర్రాడు మీ దగ్గర టెక్సస్ స్టార్స్‌లో 47 మ్యాచ్‌ల్లో 57 పాయింట్లు చేసి పైకి వెళ్లాడు. ఏడాది తిరిగేసరికి, 2025 మార్చిలో, రంటానెన్ అనే పేరున్న ఆటగాడి కోసం అతన్ని కరోలినా టీమ్‌కు ఇచ్చేశారు.

సీడర్‌పార్క్ మూర్తి:
స్టాంకోవెన్ మాట ఎత్తకండి. మా పాప ఆ జెర్సీ ఇంకా దాచుకుంది.

టీమ్‌కు లేదని మనమూ వదిలేస్తే ఇక ఎవరికి ఉంటుంది? దాన్ని రుణం అని లెక్కకట్టడమే నాకు నచ్చదు. విశ్వాసం అంటాను. నాకు అది 41 గోల్స్‌తో తీరేది కాదు.

ప్లేనో శిరీష:
నాకు తీరేదే. ఇక్కడ మనం కలవం.

ఫ్రిస్కో నాన్న:
నేను మొదట్లో చెప్పని సంగతి ఒకటుంది. మావాడికి వేరే క్లబ్ నుంచి పిలుపు వచ్చింది. ఎనిమిదో ఏట స్కేట్స్ కట్టి నేర్పిన కోచ్‌ను వదిలి వెళ్లాలి. శుక్రవారంలోగా చెప్పమన్నారు. కార్లో అడిగింది రాబర్ట్‌సన్ గురించేనని నేను అనుకున్నాను. రాత్రి వాళ్లమ్మకు అసలు మాట చెప్పాడు.

సీడర్‌పార్క్ మూర్తి:
పై టీమ్‌లో ఆడిస్తామన్నారా? అని ఉంటే, సంతకానికి ముందే ఆ మాట కాగితం మీద రాయించుకోండి.