వెనక బరువుకు గట్టి స్ప్రింగా, గట్టి షాకప్పా?

గోదారి_గట్టు:
మాది పాత హ్యాచ్‌బ్యాక్. ఒక్కడినే వెళ్తే ఏ ఇబ్బందీ లేదు. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నిండితే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ దబ్బుమని అడుగు తగులుతోంది. హైవే మీద వంతెన అతుకు దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటోంది. యాక్సెసరీ షాపతను కాయిల్ చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టిస్తే చాలంటాడు. మా మెకానిక్ గట్టి షాకప్పులు వేయమంటాడు. ఎవరి మాట వినాలి?

కాయిల్_రాజు:
బఫర్లే బ్రో. ఖర్చు తక్కువ, గంటలో పని, వెనక లేచి నిలబడుతుంది. మా ఇంట్లో రెండు బండ్లకీ అవే.

ఘాట్_రోడ్డు:
రాజు గారూ, లేచి నిలబడటం నిజమే, ఆ తర్వాతి సంగతి చూడండి. బఫర్ పెట్టడమంటే ఒక చుట్టుని పనిచేయనివ్వకపోవడం. ఆరు చుట్లలో ఒకటి పూర్తిగా బిగుసుకుంటే స్ప్రింగ్ 20 శాతం గట్టిపడుతుంది. షాకప్ మాత్రం పాతదే.

ఊగకుండా ఒక్కసారి తిరిగొచ్చి ఆగాలంటే ఎంత డ్యాంపింగ్, అంటే ఊగుడుకి షాకప్ వేసే అడ్డు, కావాలో ఒక లెక్క ఉంది: స్ప్రింగ్ గట్టిదనాన్ని బరువుతో గుణించి, వర్గమూలం తీసి, రెండింతలు చేయాలి. మామూలు కార్లలో అందులో 20 నుంచి 40 శాతం పెడతారు. అంతకు మించితే ప్రతి చిన్న గతుకూ నడుముకి తెలుస్తుంది. ఖాళీ బండికి వెనక ఒక్కో చక్రం మీద 250 కిలోలు, డ్యాంపింగ్ 30 శాతం అనుకుందాం. మనుషులు, సామానుతో 400 కిలోలైతే అది 24కి పడుతుంది. బఫర్ కూడా పెడితే 22. ఊగుడు తగ్గించమని అడిగితే ఇంకాస్త పెంచినట్టే కదా!

స్పానర్_బాబాయి:
అందుకే షాకప్ మార్చమనేది. లెక్క మీరే చెప్పి మళ్లీ సందేహమెందుకు?

ఘాట్_రోడ్డు:
బాబాయ్, ఊగడం, కూర్చోవడం రెండూ వేర్వేరు జబ్బులు. మామూలు షాకప్ బరువు మోయదు, కదలికకే అడ్డుపడుతుంది. మిల్లీమీటరుకు 20 న్యూటన్ల స్ప్రింగ్ మీద అదనంగా 150 కిలోలు పడితే వెనక దాదాపు 74 మి.మీ. దిగుతుంది. ఎంత ఖరీదైన షాకప్ వేసినా ఆ దిగుడు దిగుడే. పైగా రీబౌండ్, అంటే స్ప్రింగ్ తిరిగి సాగేటప్పటి బిగింపు, మరీ ఎక్కువైతే ఇంకో గొడవ. టోల్ గేటు ముందు వరసగా ఉండే పట్టీల మీద ఒకటి దాటాక చక్రం పూర్తిగా కిందికి దిగేలోపే రెండోది వచ్చేస్తుంది. అలా బండి మెట్టు మెట్టుగా కిందికి జారి చివరికి బంప్ స్టాప్, అంటే స్ప్రింగ్ పూర్తిగా దిగినప్పుడు దెబ్బ కాసే రబ్బరు దిమ్మ, మీద కూర్చుంటుంది.

స్పానర్_బాబాయి:
కొత్త షాకప్పులు వేశాక అడుగు తగలడం ఆగిపోయిన బండ్లు బోలెడు చూశాను.

ఘాట్_రోడ్డు:
ఆగుతుంది, పాతవి చచ్చిపోయి ఉంటే. అప్పుడు గుంతలో పడ్డ ఊపునంతా స్ప్రింగ్ ఒక్కటే మింగాలి. గోదారి గారూ, ముందు షాకప్ ఒంటి మీద నూనె జిడ్డు ఉందేమో, బంప్ స్టాప్ రబ్బరు అసలు మిగిలిందో లేదో చూపించండి. కారుకున్నట్టే ఉండే కొత్త షాకప్పుల జత వేయించండి. అప్పటికీ నిండు బరువుతో తగిలితే, దిగే కొద్దీ గట్టిపడే ప్రోగ్రెసివ్ స్ప్రింగ్ మీ మోడల్‌కి దొరుకుతుందేమో వెతకండి. ఖాళీగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటుంది. దానితో షాకప్ కూడా ఒకటి రెండు మెట్లు గట్టిది కావాలి.

కాయిల్_రాజు:
ఆ జత ఖరీదులో పదోవంతుకి బఫర్లొస్తాయి. ఏడాదికి రెండుసార్లు ఊరెళ్లడానికి అంత పెట్టాలా?

గోదారి_గట్టు:
ఇప్పుడే కిందికి వంగి చూశాను. ఎడమ షాకప్ మీద జిడ్డుకి దుమ్ము పేరుకుపోయి ఉంది. బంప్ స్టాప్ సగమే ఉంది.

స్పానర్_బాబాయి:
ఒకటే పోయిందని ఒకటే మార్చకు తమ్ముడూ, రెండూ మార్చు. బఫర్ల బేరం తర్వాత చూద్దాం.