అప్‌డేట్: నాన్నగారి రెండో ఎమ్మారైలో చుక్క కనిపించింది

నాన్నగారు ఉన్నట్టుండి "మనం ఇక్కడికెందుకొచ్చాం?" అని అడిగిందే అడుగుతూ ఉండిపోయారని ఇంతకుముందు రాశాను. మమ్మల్ని గుర్తుపట్టారు, మాట తడబడలేదు, సాయంత్రానికి మామూలయ్యారు. ఆ రోజు సీటీ, ఎమ్మారై రెండూ నార్మల్. అయినా డాక్టర్ మళ్లీ ఎమ్మారై అన్నారు, అవసరమా అన్నది నా ప్రశ్న.

తీయించాం. కొత్తగా దెబ్బతిన్న చోట్లను తెల్లగా చూపే డిఫ్యూజన్ సీక్వెన్స్‌లో మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన ఎడమ హిప్పోక్యాంపస్‌ దగ్గర 2 మిల్లీమీటర్ల తెల్లచుక్క! రిపోర్టు చదవగానే స్ట్రోకేమోనని గుండె ఝల్లుమంది. న్యూరాలజిస్ట్ మాత్రం తాను అనుకున్నదే కనిపించిందన్నారు: ట్రాన్సియెంట్ గ్లోబల్ అమ్నీషియా, అంటే కొన్ని గంటలపాటు కొత్త సంగతులేవీ గుర్తుండని తాత్కాలిక మతిమరుపు. ఈ చుక్కలు మొదటి గంటల్లో చాలామందిలో కనిపించవట. 24 నుంచి 72 గంటల మధ్య బాగా తేలతాయి, తర్వాత కొద్దిరోజుల్లో చెరిగిపోతాయి. స్కాన్‌లో స్లైసులు (మెదడును పొరలుపొరలుగా చూపే చిత్రాలు) మందంగా తీస్తే అంత చిన్నవి దొరక్కపోవచ్చు కూడా. అందుకే రెండోసారి తీయమన్నారు. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే మాకంత టెన్షన్ ఉండేది కాదు.

చుక్క లేకపోయినా ఈ జబ్బు కాదని అర్థం కాదు. నిర్ధారణ ప్రధానంగా లక్షణాలను బట్టే. స్కాన్ ముఖ్యంగా స్ట్రోక్ కాదని తేల్చుకోవడానికి. చుక్కలు హిప్పోక్యాంపస్ దాటి వేరేచోట్ల కూడా ఉంటే స్ట్రోకేమోనని అనుమానించాల్సిందే. మూర్ఛ కాదని తేల్చుకోవడానికి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) కూడా చేశారు, నార్మల్.

దీనికంటూ మందులేమీ రాయలేదు. చాలామందికి మళ్లీ రాదట. ఆ కొన్ని గంటల సంగతులు మాత్రం ఆయనకిక గుర్తుకు రావన్నారు.