మొదటి గ్యాస్ కొలిమికి ఏ బర్నర్? ఒకటా, రెండా?

కొత్తకొలిమి

అందరికీ నమస్కారం. ఇంటి వెనక చిన్న గ్యాస్ కొలిమి కట్టుకోవాలని మూడు నెలలుగా చదువుతున్నాను, చూస్తున్నాను. చేతికి మసి మాత్రం ఇంకా అంటలేదు. ప్రతిసారీ బర్నర్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతున్నాను.

నా దగ్గరున్నది ఒక ఇనుప గొట్టం ముక్క. లోపలి వ్యాసం 30 సెంటీమీటర్లు, పొడవు 45. లోపల అంగుళం మందం సెరామిక్ ఊలు రెండు పొరలు వేసి, దాని మీద సెంటీమీటరు మందాన రిఫ్రాక్టరీ (నిప్పుకి తట్టుకునే పూత) మెత్తుదామని ఆలోచన. చెయ్యాలనుకుంటున్నవి కొక్కేలు, చిన్న ఉలులు, ధైర్యమొస్తే ఒక కత్తి.

అంగుళం బర్నర్ ఒకటి పెట్టాలా, ముప్పావు అంగుళానివి రెండా? బ్లోయర్ (గాలి తోసే ఫ్యాను) ఉన్నదే మేలంటారు కొందరు, అక్కర్లేదంటారు ఇంకొందరు. కలుపు కాల్చే టార్చ్ ఒకటి ఊరికే పడుంది, దాన్నే దూరిస్తే పోలా అని మనసు పీకుతోంది. ఇంకో సంగతి, సిగ్గుపడుతూనే చెప్తున్నా: స్నేహితుడి బర్నర్ అరువు తెచ్చి వంటింటి సిలిండర్ రెగ్యులేటర్‌కే తగిలించి చూశాను. మంట పసుపుపచ్చగా, నీరసంగా దీపంలా ఊగింది. బర్నర్ పాడైందా?

సమ్మెటదెబ్బ

బర్నర్ పాడవలేదు. వంటింటి రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడి సుమారు 30 మిల్లీబార్లు. కొలిమి బర్నర్ మామూలుగా నడిచేది 5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) దగ్గర, అంటే దాదాపు 345 మిల్లీబార్లు. పది రెట్లు పైమాటే. వెంచురీ బర్నర్‌లో గాలిని లాగేది గ్యాస్ దూకుడే, వేరే ఫ్యాను ఉండదు. సన్నని బెజ్జంలోంచి గ్యాస్ ఎంత జోరుగా దూకితే అంత గాలిని వెంట లాక్కెళ్తుంది. సిలిండర్ గ్యాస్‌లో ఉండే ప్రొపేన్ ఒక పాలు పూర్తిగా కాలాలంటే 24 పాళ్ల గాలి కావాలి. ఆ నీరసపు గ్యాస్ అంత గాలిని ఎక్కణ్ణుంచి తెస్తుంది? ముందు 0 నుంచి 20 లేదా 30 పీఎస్ఐ దాకా తిప్పుకునే హై ప్రెషర్ రెగ్యులేటర్ కొనండి, గేజ్ ఉన్నది. దాని తర్వాత చేతికందే చోట పావు తిప్పుతో మూసుకునే బాల్ వాల్వ్ ఒకటి. గొట్టం ఎల్పీజీ కోసం చేసిందే అవ్వాలి. ఈ మూడింటి దగ్గర పీనాసితనం వద్దు, బర్నర్ దగ్గర కావాలంటే చూపించుకోండి.

ఇక అసలు ప్రశ్న. ముప్పావు అంగుళం వెంచురీ, ఒక్కటి. కానీ గొట్టాన్ని కోసి పొట్టి చేస్తేనే.

లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల వ్యాసంలో రెండు పక్కలా ఊలు, పూత కలిపి 12 పోతే మిగిలేది 18. పొడవులో వెనక గోడకి 6 తీసేస్తే 39. లోపలి చోటు దాదాపు 10 లీటర్లు. చక్కగా పని చేసే ముప్పావు అంగుళం బర్నర్ ఒకటి, మంచి ఊలు వేసిన కొలిమిలో ఐదున్నర లీటర్ల చోటుని కాల్చగలదని మా వాళ్లందరం నమ్మే మోటు లెక్క. మీ కొలిమికి రెండు కావాలి, గ్యాసూ రెట్టింపు తాగుతుంది. కొక్కేల కోసం! గొట్టాన్ని 28 సెంటీమీటర్లకి కోయండి. లోపల 22 మిగులుతుంది, చోటు 5.6 లీటర్లు. ఒక్క బర్నర్ సరిపోయింది.

పొడవు పోతుందే అని దిగులు పడకండి. కత్తంత పొడవు మొత్తం ఒకేసారి ఎర్రబడి చేతికొచ్చినా, కొత్త చెయ్యి దాగలి మీద పెట్టి నాలుగు దెబ్బలేసేసరికి మిగతాదంతా నల్లబడిపోతుంది. ఒక వేడికి మీరు నిజంగా కొట్టగలిగేది జానెడు కూడా ఉండదు. వెనక గోడలో చిన్న కిటికీ ఉంచితే పొడుగు కడ్డీ అటు బయటికి పోతుంది. వాడనప్పుడు ఇటుక అడ్డం పెట్టండి.

టార్చ్ సంగతి నన్నడగండి. నా మొదటి కొలిమి దానితోనే. బయట పట్టుకుంటే రాక్షసి మంట. బొక్కలో దూర్చగానే కొలిమి నోట్లోంచి పసుపు మంట మూరెడు వచ్చింది, ఇనుము మాత్రం చెర్రీ ఎరుపు దాటలేదు. గంటకల్లా తలనొప్పి. అది ఆరుబయట చుట్టూ ఉన్న గాలిని కూడా తీసుకుని కాలేలా చేసింది, మూసిన గదిలో ఆ గాలి దొరకదు. రెండు సిలిండర్లు తగలేశాక అర్థమైంది.

తర్వాత చేసుకున్నదే ఇప్పటికీ వాడుతున్నాను. ఒక టీ (మూడు వైపులా గొట్టాలు తగిలించే అతుకు ముక్క), ఆరంగుళాల ముప్పావు గొట్టం, గ్యాస్ దూకే సన్నని బెజ్జానికి, అదే జెట్‌కి, మిగ్ వెల్డింగ్‌లో తీగ దూరే కాంటాక్ట్ టిప్. గొట్టం పొడవు లోపలి వ్యాసానికి ఎనిమిది రెట్లుంటే గ్యాసూ గాలీ బాగా కలుస్తాయి. ముప్పావుకి 0.9 మిల్లీమీటర్ల టిప్, అర అంగుళానికి 0.6. టిప్ మీద ఉన్న అంకె తీగ మందం, బెజ్జం అంతకంటే కాస్త పెద్దదే. బెజ్జం టీ మధ్యలో, గొట్టానికి సూటిగా చూడాలి. వెంట్రుకవాసి పక్కకి పోయినా మంట గోడకి రాసుకుని ఒకవైపే కాలుతుంది. నేను ఆ రంధ్రం చేత్తో తొలిచి మూడు టీలు పాడు చేశాను, నాలుగోది లేత్ ఉన్నవాళ్ల దగ్గర చేయించాను. పనితనం మీద అంత నమ్మకం లేకపోతే తయారు బర్నర్ కొనుక్కోవడంలో నామోషీ ఏం లేదు.

జింకు పూత ఉన్న గొట్టాలు మాత్రం వద్దు. 907 డిగ్రీల దగ్గర జింకు మరుగుతుంది, ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం. నల్ల ఇనుప గొట్టమే వాడండి.

తిత్తిగాలి

అన్నకి ఎదురు చెప్పడం కాదు గానీ, బ్లోయర్‌ని ఒక్క మాటైనా అనకుండా వదిలేశాడు. మన కొలిమికి తిత్తి ఎప్పటి నుంచి ఉంది? గాలిని మనం తోసే పద్ధతే అది. వెంచురీకి ఎదురుగాలి వీస్తే మంట తడబడుతుంది, జెట్ కాస్త వంకరైతే అలుగుతుంది. బ్లోయర్ ఉంటే గాలి ఒక చేత్తో, గ్యాస్ ఇంకో చేత్తో తిప్పుకుంటాం. ఇనుము అతకాలంటే నాకు అదే సుఖం. జెట్ కొలతల గొడవా లేదు.

కానీ మొదటి కొలిమికి వద్దనే నేనూ అంటాను. ఒకే కారణం, కరెంటు. ఫ్యాను ఆగిపోతే గ్యాస్ ఆగదు, గాలి కలవకుండా కొలిమిలోకి, ఫ్యానులోకి కూడా పోతూనే ఉంటుంది. కరెంటు పోగానే తనంతట మూసుకునే సోలెనాయిడ్ వాల్వ్ పెట్టకుండా బ్లోయర్ బర్నర్ వెలిగించకూడదు. వెలిగించేటప్పుడు ముందు గాలి, తర్వాత గ్యాస్. ఆర్పేటప్పుడు ముందు గ్యాస్, తర్వాత గాలి. ఈ వరస నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన రోజు కట్టుకోండి.

ఉలిబాడిస

సమ్మెటదెబ్బ అన్నయ్య "గంటకల్లా తలనొప్పి" అని ఒక్క ముక్కలో దాటేశారు. అది ఎండ తలనొప్పి కాదు, కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, రంగు ఉండదు, రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట కూర్చుంటుంది. గ్యాస్ కొలిమి ఏదైనా కొంత వదులుతుంది, ఇనుముకి పెచ్చులు కట్టకుండా గ్యాస్ కాస్త ఎక్కువిచ్చి నడిపితే ఇంకా ఎక్కువ. షెడ్డు తలుపు ఒకటి తీసి పెడితే చాలదు. రెండు వైపులా గాలి ఆడాలి, డిటెక్టర్ ఒకటి గోడకి ఉండాలి.

ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పాకి గుంటల్లో నిలుస్తుంది. అతుకులన్నీ సబ్బు నురగతో చూడండి, అగ్గిపుల్లతో కాదు. వెలిగించేటప్పుడు ముందు మంట లోపల పెట్టి అప్పుడు గ్యాస్ తిప్పండి, మొహం నోటికి ఎదురుగా ఉంచకుండా.

ఊలు కోసేటప్పుడు మాస్కు. బాగా కాలిన పాత ఊలు కొత్తదానికంటే ఊపిరితిత్తులకు చెడ్డది, అందులో క్రిస్టోబలైట్ అనే సిలికా పుడుతుంది. అందుకే పైన పూత తప్పనిసరి. ఇనుము అతకడానికి బోరాక్స్ వాడితే సరేసరి, పూత లేని ఊలుని అది వానలో ఉప్పులా కరిగించేస్తుంది.

అన్నట్టు, బర్నర్ బాలేదని నా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో సగం మందికి బర్నర్ బానే ఉంటుంది. ఊలు ఒకే పొర ఉంటుంది, ముందు నోరు బార్లా తెరిచి ఉంటుంది. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పోట్లన్నట్టు, తిట్లన్నీ పాపం బర్నర్‌కే.

కొత్తకొలిమి

మూడు వారాల తర్వాత వస్తున్నాను. గొట్టం 28కి కోశాను (కోస్తుంటే ప్రాణం పోయింది). ముప్పావు బర్నర్ తయారుదే కొన్నాను, టీ తొలిచే ధైర్యం చాలలేదు. 8 పీఎస్ఐ దగ్గర పావుగంటలో లోపలంతా నారింజ రంగుకొచ్చింది, అంత పొద్దుటెండలోనూ కనపడింది! ఉలిబాడిస అక్కా, డిటెక్టర్ పెట్టాను.

రెండు ఇబ్బందులు. ఒత్తిడి 3కి తగ్గిస్తే కాసేపటికి బర్నర్ టప్ టప్‌మని పేలుతోంది, మంట గొట్టంలోపలికి పోతున్నట్టుంది. రెండోది, నోట్లోంచి నారింజ మంట రెండు జానలు వస్తోంది, ఇనుమేమో అనుకున్నంత తెల్లబడట్లేదు.

సమ్మెటదెబ్బ

పేలడం: కలిసిన గ్యాస్ వచ్చే జోరు కంటే మంట వెనక్కి పాకే జోరు ఎక్కువైనప్పుడు అలా అవుతుంది. ఒత్తిడి తగ్గిస్తే వచ్చే జోరు తగ్గింది, పైగా బర్నర్ మూతి కాలి ఎర్రబడి గ్యాస్‌ని ముందే అంటిస్తోంది. మూతి లోపలి గోడ దాటి కొలిమిలోకి పొడుచుకొచ్చిందేమో చూడండి. అలా ఉంటే వెనక్కి లాగి, పూత మందంలోనే ఉండేలా పెట్టండి. బర్నర్ నిట్టనిలువుగా పైనుంచి దిగి ఉంటే ఇంకోటి: గ్యాస్ ఆపగానే కొలిమి వేడంతా ఆ గొట్టంలోంచి పొగగొట్టంలా పైకి లేస్తుంది. ఆర్పిన వెంటనే గాలి రంధ్రాలు మూసేయండి.

మంట: గ్యాస్ ఎక్కువ, గాలి తక్కువ. మీ బర్నర్‌కి గాలి తలుపు ఉంటే కొద్దికొద్దిగా తెరవండి. మంట పొట్టిదై నీలం, లేత ఆకుపచ్చ మధ్యకి వచ్చి, నోట్లోంచి రెండు మూడంగుళాలు బయట ఆడితే ఆపండి. అంతకు మించి తెరిస్తే శబ్దం గరగరమని మారుతుంది, ఇనుము మీద పెచ్చులు మందంగా లేస్తాయి. నా టీ బర్నర్‌కైతే తలుపు లేదు, టిప్‌ని మిల్లీమీటరు చొప్పున పొట్టిగా ఆకురాయితో రాసుకుంటూ తెచ్చాను. ఏదైనా కొలిమి కాలాకే దిద్దండి. చల్లటి కొలిమిలో, ఆరుబయట కనిపించే మంటని నమ్మొద్దు.

కొత్తకొలిమి

మూతి నిజంగానే వేలి మందం లోపలికి ఉంది. వెనక్కి లాగాను, 3 దగ్గర కూడా గుర్రుమంటూ నిలకడగా కాలుతోంది. గాలి తలుపు సగం మూసి ఉన్న సంగతి నేను గమనించనేలేదు, చెప్పుకోవడానికే సిగ్గు. ఇప్పుడు ఇనుము నిమ్మపండు రంగుకొస్తోంది. మొదటి కొక్కెం వంకరగా వచ్చింది, అది బర్నర్ తప్పు కాదులెండి.

ఒక్కటే అనుమానం. రెండు గంటలు నడిపాక సిలిండర్ అడుగున తెల్లగా మంచు పట్టింది, గేజ్ ముల్లు దానంతటదే దిగింది. లీకా?

ఉలిబాడిస

సబ్బు నురగతో ఒకసారి చూసుకోండి, కానీ లీకు కాకపోవచ్చు. లోపల ద్రవం ఆవిరవ్వడానికి వేడి కావాలి, దాన్ని సిలిండర్ గోడల నుంచే లాక్కుంటుంది. గోడలు చల్లబడి గాలిలో తేమ మంచుగా పడుతుంది, ద్రవం చల్లబడే కొద్దీ ఒత్తిడీ పడిపోతుంది. గ్యాస్‌లో బ్యూటేన్ పాలు ఎక్కువుంటే ఇంకా త్వరగా: ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీల కింద కూడా మరుగుతుంది, బ్యూటేన్ సున్నా దగ్గరే మొరాయిస్తుంది. పెద్ద సిలిండర్ పెడితే గోడ ఎక్కువ, చల్లబడటం తక్కువ. లేదా తొట్టెలో మామూలు నీళ్లు పోసి అందులో నిలబెట్టండి. సిలిండర్‌ని కొలిమి పక్కకి జరపడం, మంట చూపించడం, తలకిందులు చేయడం లాంటి పిచ్చి పనులు ఎవరు చెప్పినా చేయకండి.