మెర్జ్ రోజు వస్తోందంటేనే భయంగా ఉంది. మీ టీముల్లో ఎలా నెట్టుకొస్తున్నారు?

ప్రశ్న

నమస్తే అండి. హైదరాబాద్‌లో జావా డెవలపర్‌ని. కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్ విషయంలో మా టీమ్ నిరుడు సబ్‌వర్షన్ నుంచి గిట్‌కి మారింది. ఒక్కో ఫీచర్‌కి ఒక బ్రాంచ్ (కోడ్‌కి విడి కాపీ లాంటిది) తీసి, రెండు మూడు వారాలు దాని మీదే పనిచేసి, రిలీజ్‌కి ముందు అందరం ఒకేసారి మెయిన్‌లో (అందరి ఉమ్మడి కోడ్‌లో) కలుపుతున్నాం, అదే మెర్జ్. ఇన్‌వాయిస్ లెక్క కట్టే క్లాస్ ఒకటి ఉంది, దాన్ని ముట్టుకోనివాళ్లు లేరు. నేను పన్ను రౌండింగ్ మారిస్తే, ఈలోగా ఇంకొకరు ఆ మెథడ్‌నే రెండుగా విడగొట్టి ఉంటారు. ఏది ఉంచాలో తెలియదు. వాళ్లు లీవ్‌లో ఉంటే ఇంకా టెన్షన్. పోయిన రిలీజ్‌లో ఒకరి కోడ్ మెర్జ్‌లో ఎగిరిపోయింది, టెస్టర్ పట్టుకునేదాకా ఎవరికీ తెలియదు. "గిట్ అంటే ఇంతే, అలవాటవుతుంది" అంటున్నారు మా లీడ్. నిజంగా ఇంతేనా?

జవాబు 1

బ్రాంచ్‌ని అన్ని వారాలు ఉంచడమే అసలు సమస్య బ్రో. రోజూ పొద్దున్నే మెయిన్ మీదకి రీబేస్ చేసుకో, అంటే నీ మార్పుల్ని తాజా మెయిన్ మీద మళ్లీ పేర్చుకో. అయితే ఆ బ్రాంచ్‌లో నువ్వొక్కడివే ఉన్నప్పుడే ఇలా చెయ్. సర్వర్‌కి పుష్ చేసేటప్పుడు ఉత్త ఫోర్స్ వద్దు, ఫోర్స్ విత్ లీజ్ వాడు, అక్కడ నువ్వు చూడని మార్పులుంటే అది ఆపేస్తుంది.

జవాబు 2

మీ లీడ్ గారి మాట నేను ఒప్పుకోను. సబ్‌వర్షన్‌కి ముందున్న సీవీఎస్ రోజుల నుంచీ ఈ పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

సబ్‌వర్షన్‌లో మీరంతా ట్రంక్ (అక్కడి మెయిన్) మీదే పనిచేసి ఉంటారు. మీరు మార్చిన ఫైల్‌ని ఈలోగా ఇంకొకరు మార్చి ఉంటే అక్కడ కమిట్ (మార్పుని టూల్‌లో నమోదు చేయడం) పడదు, "ఔట్ ఆఫ్ డేట్" అని ఆపేస్తుంది. అప్‌డేట్ చేసుకుని రెండూ కలిపితేనే పని ముందుకు కదిలేది. విసుగొచ్చేది కానీ, తేడా ఎప్పుడూ కొద్దిగానే ఉండేది. గిట్‌లో కమిట్ మన మెషీన్‌లోనే పడుతుంది, కాబట్టి ఎవరి లోకంలో వాళ్లు వారాల తరబడి ఉండిపోవచ్చు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని రాసింది లినక్స్ కెర్నెల్ కోసం. అక్కడ ఎక్కడెక్కడి వాళ్లో ఎవరి కాపీలో వాళ్లు పనిచేస్తారు, కలిపి చూసుకోవడానికి ఒక్కో భాగానికి మెయింటెయినర్లు ఉంటారు. మీ ఇన్‌వాయిస్ క్లాస్‌కి అలాంటి మనిషి లేరు. అందుకే పాత పద్ధతిలో దానంతటదే జరిగిపోయిన రోజువారీ కలపడాన్ని ఇప్పుడు మీరు పట్టుబట్టి చేసుకోవాలి.

ఇక కోడ్ ఎగిరిపోవడం గురించి. కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు, అంటే ఒకే చోట ఇద్దరూ వేర్వేరుగా మార్చినప్పుడు, గిట్ మామూలుగా రెండు ముక్కలే చూపిస్తుంది, మీదీ అవతలివాళ్లదీ. ఆ రెండూ చూసి ఎవరు ఏం మార్చారో చెప్పడం ఎవరి తరమూ కాదు. కాన్ఫిగ్‌లో మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్‌ని డిఫ్3 అని పెట్టండి. మీ గిట్ 2.35 లేదా ఆ పైదైతే జెడ్‌డిఫ్3 ఇంకా శుభ్రంగా ఉంటుంది. అప్పుడు మధ్యలో మూడో ముక్క కనిపిస్తుంది. ఇద్దరూ మార్పు మొదలుపెట్టకముందు ఉన్న కోడ్ అది. మీ ఉదాహరణే తీసుకోండి. మధ్యలో పాత మెథడ్ ఉంది, పైన అదే మెథడ్‌లో రౌండింగ్ మోడ్ ఒక్కటే మారింది, కింద అదే లెక్క రెండు మెథడ్లుగా విడిపోయింది కానీ రౌండింగ్ పాతదే. మూడూ పక్కపక్కన చూస్తే చేయాల్సింది వెంటనే తెలుస్తుంది: కింది రూపం ఉంచి, అందులో పై రౌండింగ్ పెట్టాలి. పైదో కిందిదో ఒకటి నొక్కేస్తే ఇంకొకరి పని మాయం.

పైన రీబేస్ అన్నారు కదా, మంచి సలహానే. కానీ రీబేస్‌లో ఈ వైపులు తారుమారవుతాయి. మెర్జ్‌లో పైముక్క మీ బ్రాంచ్‌ది, రీబేస్‌లో పైముక్క మెయిన్‌ది, మీ కమిట్ కింద ఉంటుంది. ఎడిటర్‌లో "కరెంట్" అన్న బటన్ నొక్కేముందు ఇది మీ టీమ్‌లో ప్రతి ఒక్కరికీ తెలియాలి.

అడిగినవారు

చాలా థాంక్స్ అండి. డిఫ్3 ఇప్పుడే పెట్టాను. రెండు డౌట్లు. సగం అయిన ఫీచర్‌ని రోజూ మెయిన్‌లో ఎలా కలపాలి? లీవ్‌లో ఉన్నవాళ్ల మార్పు ఎందుకు చేశారో ఎలా తెలుస్తుంది?

జవాబు 3

సగం పనిని ఫీచర్ ఫ్లాగ్ (కోడ్‌లో ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనక పెట్టి ఆఫ్‌లో ఉంచండి. కోడ్ మెయిన్‌లో ఉంటుంది, కస్టమర్‌కి కనిపించదు. రిలీజ్ అయి కుదురుకున్నాక ఫ్లాగ్ తీసేయడానికి టికెట్ కూడా అప్పుడే వేసుకోండి, లేకపోతే అవి పేరుకుపోతాయి. మెథడ్లు విడగొట్టడం, ఫార్మాటింగ్ లాంటివి విడి కమిట్‌గా ముందే మెయిన్‌లోకి పంపండి.

జవాబు 2

రెండో దానికి నేను చెప్తాను. కాన్‌ఫ్లిక్ట్ మధ్యలో ఉండగానే గిట్ లాగ్‌కి మెర్జ్ అనే ఆప్షన్ ఇచ్చి చూడండి. రెండు వైపులా ఆ ఫైల్‌ని ముట్టుకున్న కమిట్లు మాత్రమే వస్తాయి. అక్కడ "పన్ను ఫిక్స్" అని ఉంటే మీరు వాళ్లకి ఫోన్ చేయక తప్పదు. "క్రెడిట్ నోట్‌లో పైసల తేడా వస్తోంది, అందుకే లైను లైనుకీ కాకుండా మొత్తం మీద రౌండ్ చేస్తున్నాం" అని ఉంటే వాళ్లని లీవ్‌లో కదిలించక్కర్లేదు. రివ్యూలో కోడ్‌తో పాటు ఈ మెసేజ్‌ని కూడా చూడమని మీ లీడ్ గారిని అడగండి.