గానుగ నూనె అయితే ఎంత పోసినా పర్వాలేదా?

పల్నాటి_అబ్బాయి: నాన్నగారికి కొలెస్ట్రాల్ ఎక్కువని డాక్టర్ నూనె తగ్గించమన్నారు. మా వీధిలో గానుగ పెట్టారు, వేరుశనగ నూనె కళ్ళముందే ఆడించి ఇస్తున్నారు. గానుగది ఎంత పోసినా ఏం కాదని చుట్టాలందరూ అంటున్నారు. నిజమేనా?

కృష్ణాతీరం: నిజమేనండి. తాతల కాలంలో నువ్వుల నూనె, నెయ్యి ధారగా పోసుకున్నారు, ఏమైంది? రిఫైన్డ్ ప్యాకెట్లు వచ్చాకే ఈ గుండెజబ్బులన్నీ.

పప్పుచారు: ఈ మాట ఒప్పుకోలేనండి, ఎందుకంటే దీన్ని నమ్మే చాలామంది గరిట లెక్క వదిలేస్తున్నారు. రిఫైన్ చేస్తే వాసన, రంగు, కొంత విటమిన్ ఇ పోతాయి, నిజమే. కానీ గానుగదైనా ప్యాకెట్‌దైనా వేరుశనగ నూనెలో సంతృప్త కొవ్వు (నెయ్యిలో ఎక్కువగా ఉండే, కొలెస్ట్రాల్ పెంచే రకం) దాదాపు ఐదో వంతే, గ్రాముకి 9 కేలరీలే. నేనూ రుచి కోసం గానుగదే వాడతాను, కానీ కొలిచి పోస్తాను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన రోజుకి 2000 కేలరీల భోజనంలో నూనె, నెయ్యి కలిపి మనిషికి 27 గ్రాములే. అంటే నలుగురున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు, ఆవకాయ జాడీలో పైకి తేలే నూనెతో సహా. ఇక తాతలంటారా, వాళ్ళు పొద్దున్నుంచీ పొలంలో ఒళ్ళు వంచి పనిచేశారు.

కృష్ణాతీరం: సరే, మరి నెయ్యి మానేసి ఆ ఆకలికి ఇంకో రెండు హస్తాల అన్నం తింటే బాగుపడతామా?

పప్పుచారు: బాగుపడం, అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. నెయ్యి స్థానంలో తెల్లన్నం, మైదా చేరితే గుండెకి ఒరిగేదేమీ లేదు, పైగా రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే ఇంకో రకం కొవ్వు పెరుగుతుంది. అదే నెయ్యి కొంత తగ్గించి ఆ మేరకు వేరుశనగ, నువ్వుల నూనె, పల్లీలు, చేపలు తింటే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, తగ్గుతుంది. సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కునే పని కాలేయంలో మందగిస్తుంది, తేడా అక్కడే వస్తుంది. కొబ్బరి నూనెలో అయితే ఆ కొవ్వు 80 శాతం పైమాటే, అది ఏ గానుగలో ఆడించినా.

సాయంత్రం_టిఫిన్: ఇంట్లో నూనె గురించే మాట్లాడుతున్నారు, బజ్జీల బండి మూకుడు చూశారా? పొద్దున పోసిన నూనె రాత్రికి నల్లగా, జిగురుగా, నురగలు కక్కుతూ ఉంటుంది, అందులోనే మళ్ళీ కొత్త నూనె కలుపుతారు. నూనెల్లో ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకి బాగా చెడు చేసే కొవ్వు) 2 శాతం దాటకూడదని 2022 నుంచి నిబంధన ఉంది కానీ, బండి దగ్గర ఎవరు చూస్తున్నారు?

పల్నాటి_అబ్బాయి: మా ఇంట్లో ముగ్గురమే, నెలకి ఐదు లీటర్ల డబ్బా అయిపోతోంది. రేపటి నుంచి అమ్మకి కొలత చెంచా ఇస్తాను. గానుగది మాననండి, నాన్నగారు ఆ వాసన లేకపోతే ముద్ద దిగదంటారు.